పొలిమేర దాటిన పేకాట

నేను ఒక వేపచెక్క బెంచీని. గొప్ప పుట్టుకేమీ కాదు. జహీరాబాద్ దగ్గర ఒక ఊళ్లో గాలివానకు కూలిన వేపను కోసి చంద్రమౌళి అనే వడ్రంగి నన్ను బడి కోసం చేశాడు. కొలత తప్పి నా కాలు ఒకటి పొట్టిదయింది. “పిల్లలు కూసునేదే గద, ఊగితే ఊగనీ” అని అలాగే పంపించేశాడు. పద్దెనిమిదేళ్లు ఆ బడిలో ఊగాను. పేర్లు చెక్కించుకున్నాను, సిరా తాగాను, ఎక్కాలు విన్నాను. ఇప్పటికీ పదమూడో ఎక్కం నాకు తడబడకుండా వచ్చు. చదివిన పిల్లల్లో ఎంతమందికి వచ్చో చెప్పలేను.

బడికి ఇనుప బల్లలు వచ్చాక నన్ను వేలం వేశారు. కొన్నవాడు శరణప్ప. పొలిమేర అవతల, కర్ణాటక బోర్డు దాటి వంద అడుగుల దూరంలో అతనికి చాయ్ హోటలు ఉంది. రాష్ట్రం మారిన సంగతి నాకు మొదట తెలియనే లేదు. బోర్డు మీద అక్షరాలు మారాయి, చాయ్‌లో చక్కెర కొంచెం పెరిగింది, అంతే.

అక్కడ కూర్చునే మనుషుల పిచ్చిని నేను తరం తరంగా చూశాను. మొదట లాటరీ టికెట్లు. టికెట్టును నా మీద పరిచి, చొక్కాతో తుడిచి, కళ్లకద్దుకుని చించేవాళ్లు. ఇక లాటరీ లేనిదే లోకం నడవదన్నారు. పోయింది. తర్వాత మట్కా. రాత్రి కలలో పాము కనబడితే ఏ అంకె, పెళ్లి కనబడితే ఏ అంకె అని పొద్దున్నే పండితచర్చలు నడిచేవి. ఆ చర్చలూ సద్దుమణిగాయి. లారీ డ్రైవర్ల మూడు ముక్కలాట మాత్రం చాలాకాలం నిలిచింది. నా మీద తువ్వాలు పరిచి ఇటొకరు అటొకరు కూర్చునేవాళ్లు. ఓడినవాడు అందరికీ చాయ్ పోయించాలి. ఆ ఆటలో ఒక మర్యాద ఉండేది: పక్కవాడి చేతిలోకి తొంగి చూడకూడదు. ముక్కలు చూడకూడదు గాని, ముఖం చూడవచ్చు. ఎదుటివాడి ముఖం మరీ పాలిపోతే, మంచి ముక్కలున్నా కింద పడేసి “నాది పోయిందిలే” అని లేచినవాళ్లను నేను ఎరుగుదును.

ఆ తర్వాత పేకాట సెల్‌ఫోన్లోకి దూరింది. పోకర్ అన్నారు. చేతిలో రెండు ముక్కలు, నడుమ ఐదు. ఎదుట ఎవరున్నారో తెలియదు, పెట్టుడు పేర్లే కనబడతాయి. తెలంగాణలో పైసలతో ఆడకూడదని చట్టం వచ్చేసరికి ఆ యాప్‌లు ఫోను ఎక్కడుందో కనిపెట్టి తలుపు మూసేవి. బోర్డు ఇవతలికి వస్తే తెరిచేవి. ఇంకేం, శరణప్ప పంట పండింది. ఆదివారం వచ్చిందంటే స్కూటర్ల మీద, ఆటోల్లో వచ్చి నా మీద వరసగా కూర్చునేవాళ్లు. పదిమంది పక్కపక్కన కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడకుండా పేకాడటం నా జన్మలో చూడలేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు.

ఒకసారి పేపరు విలేకరి ఒకాయన వచ్చి, ఈ ఆన్‌లైన్ పోకర్ మోజు ఎన్నాళ్లు నిలుస్తుందని అందరినీ అడిగాడు. ఒకడు ఇంకా పెరుగుతుందన్నాడు. ఇంకొకడు కళ్లెత్తకుండానే చేత్తో పొమ్మన్నాడు. శరణప్ప మాత్రం ఆలోచించి చెప్పాడు. “నిలుస్తదో లేదో నాకెట్ల తెలుస్తది సార్. వచ్చినోళ్లు మల్ల వస్తున్నరు, పోయేటప్పుడు నవ్వుకుంట పోయినోన్ని మాత్రం ఒక్కన్ని చూడలే.” విలేకరి నన్నేమీ అడగలేదు. నా మీదే కూర్చుని రాసుకుపోయాడు.

ప్రతి ఆదివారం వచ్చేవాళ్లలో సంగప్ప, బస్వరాజ్ అని ఇద్దరు బావా బావమరుదులు. సంగప్ప ట్రాలీ ఆటో నడుపుతాడు. బస్వరాజ్‌ది మోటారు వైండింగ్ షాపు. బస్వరాజ్ అక్క నాగమణిని సంగప్పకు ఇచ్చారు. ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వచ్చి, పాత మర్యాద తప్పకుండా, ఒకరి ఆట ఒకరికి కనబడకూడదని నా మీద ఒకరి వీపుకు ఒకరు వీపు ఆనించి కూర్చునేవాళ్లు. ఫోన్లో పెట్టుకున్న పేరు కూడా చెప్పుకోరు. చెబితే అదృష్టం పోతుందట. సంగప్ప పేరు ఎర్రగిత్త, బస్వరాజ్ పేరు తుపాను. ఫోన్లు ఒళ్లో పెట్టుకుని ఆడతారు గనుక ఈ రెండు పేర్లూ తెలిసింది నా ఒక్కదానికే.

ఒక ఏడు దసరా ముందు నాగమణి కుడికంటిలో నల్లటి మరకలు ఆడసాగాయి. హైదరాబాద్‌లో డాక్టరు చూసి, కంటి లోపలి పొర ఊడుతోందని, మంగళవారంలోగా ఆపరేషన్ చేయకపోతే చూపు దక్కదని చెప్పాడు. బస్వరాజ్ షాపులో ఉన్నదంతా ఊడ్చి బావ చేతిలో పెట్టాడు. ఇంకా కొంత తక్కువ పడింది, ఆ మాట సంగప్ప బయటికి చెప్పలేదు. ఆ కొంత కోసం సంగప్ప ఆదివారం పొద్దున నా మీద కూర్చున్నాడు. నాకు భయం వేసింది. ఆ రోజు చాయ్ కూడా అడగకుండా ఫోను తెరిచాడు.

మొదట కొంచెం గెలిచాడు. అక్కడ ఆపి లేచి ఉంటే బాగుండును. ఒక ఆటలో అతనికి రెండు రాజులు పడ్డాయి. భార్య కన్ను కోసం దాచినదంతా ముందుకు తోశాడు. అదే ఆటలో తుపాను, అంటే వెనకాల వీపు ఆనించిన బస్వరాజ్, పాత గెలుపుల పైసలతో కూర్చుని ఉన్నాడు. తుపాను చేతిలో రాజులను కొట్టే రెండు ఆసులు. నేను రెండు తెరలూ చూస్తున్నాను. అరవడానికి నాకు నోరు లేదు. చేతనైంది ఊగడం ఒక్కటే, ఊగాను. బస్వరాజ్ చిరాగ్గా నా పొట్టికాలి కింద రాయి దోపి మళ్లీ ఫోను అందుకున్నాడు. ఇద్దరి వీపులూ ఆని ఉన్నాయి. ఒకరి చెమట ఒకరి చొక్కాకు అంటుతోంది. అదే తువ్వాలు పరిచిన ఆటయితే, బావ ముఖం చూసి బస్వరాజ్ ఆసులను బోర్లించేవాడు. నా మీద ఒట్టు, బోర్లించేవాడు.

రెండు నిమిషాల్లో అయిపోయింది.

బస్వరాజ్ ఎగిరి లేచాడు. “కొట్టిన బావా. ఎర్రగిత్త అంట ఎవడో, ఉన్నదంత ముందలికి తోసిండు. పాపం, ఏ ఊరోడో.”

సంగప్ప అప్పుడు వెనక్కి తిరిగి అతన్ని చూశాడు. అంతా అర్థమైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కమాట అంటే చాలు, పైసలు తిరిగి వచ్చేస్తాయి, నాగమణి కన్ను నిలుస్తుంది. బస్వరాజ్ వేడి మిరపకాయ బజ్జీలు తెచ్చి బావ చేతిలో పెట్టి, తనంతట తానే అడిగాడు కూడా. “మంగళారమే గద అక్క ఆపరేషన్. పైసలు సరిపోతున్నయా? ఇంక కావాల్నంటే చెప్పు.”

“సరిపోయినయ్ లే” అన్నాడు సంగప్ప.

దొంగకు తేలు కుట్టినట్టయింది అతని పని. తమ్ముడు ఇచ్చిన పైసలు అక్క కంటి కోసం ఇచ్చినవి, వాటిని తెచ్చి ఆడానని ఏ ముఖంతో చెబుతాడు? బజ్జీ కొరికాడు.

ఆ తర్వాతి సంగతులు శరణప్పకు వాళ్లూ వీళ్లూ చెబుతుండగా విన్నాను. డాక్టరు ఊళ్లో లేడని సంగప్ప ఇంట్లోనూ బస్వరాజ్‌తోనూ అబద్ధం చెప్పాడు. అప్పు కోసం నాలుగు దిక్కులా తిరిగాడు. బస్వరాజ్ గెలిచినదంతా ఆ బుధవారమే ఒంటరిగా వచ్చి పోగొట్టుకుపోయాడు, అది నేను కళ్లారా చూశాను. పదహారు రోజుల తర్వాత అప్పు పుట్టి హైదరాబాద్ పోతే, ఆ కుడికంటి చూపు పోయిందన్నారు. ఆస్పత్రి మెట్ల మీద సంగప్ప ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మరుసటి రోజు బస్వరాజ్ వచ్చి నా మీద కూర్చున్నాడు. ఫోను తీయలేదు. “అక్క కన్ను నేనే తీసిన, శరణప్పా” అని పెద్దగా ఏడ్చాడు. శరణప్ప చాయ్ గ్లాసు తెచ్చి అతని పక్కన పెట్టాడు.

కొన్నాళ్లకు ఢిల్లీలోనే చట్టం చేసి పైసల ఆటలన్నీ ఆపేశారు. నా మీద మనుషులు తగ్గారు. అయినా ఎక్కడో విదేశాల యాప్ ఉందట, దొంగదారి ఉందట అని ఇద్దరు ముగ్గురు గుసగుసలాడుతూనే ఉన్నారు. మోజు నిలుస్తుందా అని ఇప్పుడెవరైనా నన్ను అడిగితే, పోకర్ పోతుందనే చెబుతాను, లాటరీ పోలేదా? కానీ దాని జాగాలోకి మరొకటి వస్తుంది. ఈసారి దాంట్లోనైనా ఆడేవాళ్ల ముఖాలు ఒకరికొకరు కనబడితే బాగుండునని నా ఆశ. చెక్కకు ఆశలేమిటని మీరు నవ్వవచ్చు.

మొన్న మధ్యాహ్నం సంగప్ప, నాగమణి బస్సు దిగారు. మిగిలిన కన్ను చూపించుకోవడానికి బీదర్ పోతున్నారట. బస్సు మారేలోగా చాయ్ తాగడానికి వచ్చారు. ఆమె నా మీద చెయ్యి ఆనించి తడుముతూ కూర్చుంది.

“గీ బెంచీయేనా?”

“గిదే.”

“ఒక్కమాట చెప్తే నా తమ్ముడు ఇచ్చేటోడు గద.”

“ఇచ్చేటోడే. నాకు ఇజ్జత్ అడ్డమొచ్చింది” అన్నాడు సంగప్ప. ఆమెకు కాస్త దూరంగా, కుడివైపున, తల వంచుకుని కూర్చున్నాడు.

నాగమణి చాయ్ గ్లాసు అందుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. చాయ్ అయిపోయాక గ్లాసు పక్కన పెట్టి, తల తిప్పకుండానే, “లేచి ఈ దిక్కు కూసో” అంది. “ఆ దిక్కు కూసుంటే నువ్వు నాకు కనబడవు.”

సంగప్ప లేచి, ఆమె ఎడమవైపుకు వచ్చి కూర్చున్నాడు.