ఇరవై మూడో నంబరు

గంగయ్యను పొద్దుగాల ఆరు గంటలకు పోలీసోళ్లు మక్కజొన్న చేన్ల కాల్చిండ్రు. చేతులు ఎనుకకు కట్టి, పసుపు తోట పక్కపొంటి నడిపిచ్చుకుంట తీస్కపోయి, మోకాళ్ల మీద కూసుండబెట్టి కాల్చిండ్రు. మూడు తూటలు. నీళ్లకు పోయే ఆడోళ్లు జూసిండ్రు, ఎడ్లు తోలుకపోయేటోళ్లు జూసిండ్రు. తెల్లారి పేపర్ల ఏమచ్చింది? రాత్రి గుట్టల మీద ఎదురు కాల్పులు, ఒక నక్సలైటు మృతి అని అచ్చింది. గంగయ్య ఊరు నల్లవాగుపల్లెకూ ఆ గుట్టలకూ ఎనిమిది మైళ్లు. పిలగాడు ఎనిమిది మైళ్లు పోయి ఒకపారి సచ్చి, మళ్ల లేచి ఊరికచ్చి మక్కచేన్ల ఇంకోపారి సచ్చిండా? అడిగేటోడెవడు! అడిగినోన్ని సుత అదే చేన్లకు తోల్కపోతరాయె.

గంగయ్య చెల్లె భాగ్య, తొమ్మిదో తరగతి పిల్ల, మర్నాడు ఆ చేన్లకు పోయింది. అన్న నెత్తురు పడ్డ జాగ జూద్దామని పోతే, మక్క మొదలు కాడ తూట పేలినంక పడ్డ ఇత్తడి గొట్టం ఒకటి దొరికింది, చిటికెన ఏలంత. ఓణి కొంగుల ముడేసుకొని ఇంటికి తెచ్చి దేవుని గూట్ల పెట్టింది. తల్లి ముత్తమ్మ బీడీల చాట ముంగట కూసుండి జూసి, మళ్ల ఆకు చుట్టుడు మొదలువెట్టింది.

ఇది ఎనభై తొమ్మిదిల ముచ్చట. గప్పుడు ఆ ఊరి బడిల ఇంగ్లీషు చెప్పే టీచర్ తార. ఎవల బిడ్డ అనుకున్నరు? ఆ ఊరి దొర కరుణాకర్ రావు బిడ్డ. రైతుకూలీ సంఘం లేసినంక దొర గడీకి తాళమేసి జగిత్యాలకు పోయిండు. పదేండ్లకు బిడ్డ హైద్రాబాదుల చదువుకొని, కోరి కోరి అదే ఊరి బడికి నౌకరికచ్చింది. “నీకేమన్న పిచ్చి లేసిందా?” అని తండ్రి ఒర్రిండు. అది సాలదన్నట్టు ఆయననే గడీ తాళంచెవులు పోలీసోళ్లకిచ్చిండు. వాళ్లు గడీల క్యాంపు పెట్టిండ్రు. ఇగ ఊరోళ్లు తారను ఎట్ల నమ్ముతరు? ముంగట దొర్సానీ అని దండం పెట్టేటోళ్లు, ఎనుక ఉమ్మేసేటోళ్లు.

ఒక్క సారయ్య మాత్రం మొదటి దినం నుంచే టీచరమ్మా అన్నడు. సారయ్య బడిల అటెండర్. గౌడోళ్ల మనిషి. ఇరవై ఏండ్లు తాళ్లెక్కి కల్లు గీసిండు. పన్నెండేండ్ల కిందట చెట్టు మీదికెళ్లి పడి కుడి మోకాలు కట్టె అయిపోయింది. మళ్ల వంగలే. కూసుంటే ఆ కాలు ముంగటికి సాపుకొనే కూసోవాలె. “గంత ఎత్తుల నుంచి పడితే సావలే టీచరమ్మా, ఇగ నన్నేం సంపుతది?” అని నవ్వేటోడు.

తార పట్టువట్టి ఒక పని మొదలువెట్టింది. దూరదేశం బడితోని దోస్తానా. నార్వేల సముద్రం ఒడ్డు బడి ఒకటి ఇంకో దేశం బడితోని జత కూడాలని చూస్తున్నదని ఏదో పత్రికల చదివి ఉత్తరం రాసింది. జవాబచ్చింది. జూన్ల అక్కడి పిల్లల డబ్బ సుత అచ్చింది. ముప్పై రెండు వస్తువులు, ఒక్కోదానికి ఒక నంబరు, పంపిన పిల్ల పేరుతోని చీటి. చేపల గాలం, పిట్ట ఈక, సముద్రపు రాయి. ఎండు చేప బయటికి తీసేవరకు క్లాసంత ముక్కు మూసుకొని బయటికి ఉరికింది. “వామ్మో, గిది తిని బతుకుతున్నరా? నా కల్లు కుండనే నయం కద!” అన్నడు సారయ్య. ఇరవై మూడో నంబరు ఉన్ని గ్లౌజు, ఒకటే. “రెండోది నా చేతికుంది” అని రాసింది ఆ పిల్ల. ఆ నంబరు భాగ్యకచ్చింది, ఆ గ్లౌజు తొడుక్కొని దినమంత తియ్యలేదు. గప్పటికి అన్న బతికే ఉన్నడు.

మనం సుత ముప్పై రెండు పంపాలె. వాళ్ల బడిల అర ఒకటి తయారు జేసిండ్రట, వాళ్ల నంబరు పక్కన మన నంబరు పెట్టడానికి. “మీ ఇంట్ల దేన్ని చూస్తే మీ బతుకు తెలుస్తదో అది తేండ్రి” అన్నది తార. గంత మాట అనకపోతే ఎంత బాగుండు! పిల్లలు తెచ్చిండ్రు. పసుపు కొమ్ము, బీడీ ఆకు కోసే రేకు, సిరిసిల్ల సాంచ మీద నేసిన గుడ్డ, దుబాయి కాన్నుంచి నాయిన మాట్లాడి పంపిన క్యాసెట్టు. భాగ్య అందరికంటె ఆఖరుకచ్చి ఇత్తడి గొట్టం బల్ల మీద పెట్టింది.

“మా అన్నది టీచర్. ఇరవై మూడు నాదే కద.”

తారకు అర్థమైంది. సారయ్యకు ఇంకా ముందే అయింది. పిల్లలు పోయినంక ఆయన తలుపు దగ్గరికేసి అన్నడు, “ఇది తియ్యి టీచరమ్మా. మక్కచేన్లది ఇది. దొరికితే పిల్లను బతుకనియ్యరు.”

“పిల్ల నమ్మి తెచ్చింది సారయ్యా. ఇది ఒద్దంటే మనం సుత పేపరోళ్ల లెక్కనే అబద్ధం చెప్పినట్టు కాదా?”

“నీకు గడీ బిడ్డవని ధైర్యం. నాకు లేదు.”

ఆ మాటకు తారకు చుర్రుమన్నది. మొండికేసింది. పెట్టాల్సిందేనన్నది. సారయ్య ఆమె దిక్కు జూసి, గొట్టానికి కట్టిన భాగ్య పేరు చీటి తెంపి, నోట్లె ఏసుకొని తమలపాకు లెక్క నమిలిండు. “పెట్టు మరి. పేరు మాత్రం పోవద్దు” అన్నడు. తార డబ్బల పెట్టిన సామాన్ల పట్టిల రాసింది: ఇరవై మూడు, ఇత్తడి గొట్టం, ఒకటి. తెల్ల గుడ్డల కుట్టి, లక్క ముద్రలేసి, కోరుట్ల పోస్టాఫీసుకు సారయ్యకిచ్చి బస్సెక్కిచ్చింది.

బస్సు వాగు దాటలే. క్యాంపు పోలీసోళ్లు ఆపి లక్క ముద్రలు జూసి, దేశం కాని దేశం పేరు జూసి, కుట్లు కోసిండ్రు.

మధ్యాహ్నం తారను గడీకి పిలిచిండ్రు. క్యాంపు ఇన్‌స్పెక్టరు కోస్తా మనిషి, మాట మెత్తన. లేచి నిలబడి కుర్చీ జరిపిండు. “మీరు కరుణాకర్ రావు గారి అమ్మాయి. ఇది మీ ఇల్లేనమ్మా, కూర్చోండి” అని ఛాయ తెప్పిచ్చిండు. ముప్పై రెండు సామాన్లు బల్ల మీద వరుసగ పరిచి ఉన్నయి.

“ముప్పై ఒక్కదానికి పేర్లున్నాయి. దీనికి లేదు. ఫలానా చోట దొరికిందని విదేశాలకు పంపి మా మీద కేసులు వేయిద్దామనా? ఎవరు తెచ్చారో చెప్పండి, మీరు ఇంటికి వెళ్లిపోవచ్చు.”

తార నోరు తెరువకముందే లోపటి అర్రల నుంచి దెబ్బ సప్పుడినచ్చింది. అది వడ్ల అర్ర. తాత కాలంల ఎట్టిచాకిరికి రానోళ్లను అదే అర్రల దూలానికి కట్టి కొట్టేదట. చిన్నప్పుడు తార ఆ అర్ర ముంగట తొక్కుడుబిళ్ల ఆడింది.

“నాదే! నేనే పెట్టిన! టీచరమ్మకు తెల్వది!” సారయ్య గొంతు.

“ఎక్కడిదిరా నీకు?”

“దొరికింది! బాట మీద దొరికింది!”

ఇనుప పైపు ఎముక మీద పడ్డ సప్పుడు ఏరేనే ఉంటది. ఒకపారి విన్నోళ్లు మర్చిపోరు. అరికాళ్ల మీద కొట్టిండ్రు, వీపు మీద కొట్టిండ్రు. ఇంకెవడో “వీడి కాలు వంగదట, వంచి చూద్దాం పట్టండిరా” అన్నడు. ఇద్దరు భుజాలు అదిమిండ్రు, ఇద్దరు మడిమె పట్టి గుంజి వంచిండ్రు. పన్నెండేండ్ల నుంచి వంగని మోకాలు ఫట్టుమని ఇరిగింది. సారయ్య ఒర్రిన ఒర్రుడుకు గడీ మీది పావురాలన్ని లేసిపోయినయి.

“ఛాయ చల్లారుతోందమ్మా” అన్నడు ఇన్‌స్పెక్టరు.

తార ఛాయ తాగింది. ఔ, తాగింది! ఎందుకు తాగినవంటే ఏం చెప్తది? చెయ్యి దానంతట అదే కప్పెత్తింది, గొంతు దానంతట అదే మింగింది. పెయ్యంత భయం. నాది, నేనే పెట్టమన్న అని ఒక్క మాట అంటే అయిపోవు. ఆ మాట నాలిక మీదికచ్చి ఆన్నే కూసున్నది. లోపట సారయ్య, “నాదే, నాదే” అనుకుంట పోయిండు, గొంతు సన్నగైతనే ఉన్నది. అప్పుడు లేసింది తార. కప్పు కిందవడి పలిగింది. ఉరికిపోయి అర్ర తలుపు నూకి, “నాది! నేనే పెట్టమన్న! ఇడ్సిపెట్టుండ్రి!” అని ఒర్రింది.

సారయ్య నేల మీద బోర్ల పడి ఉన్నడు. చెవుల నుంచి నెత్తురు కారుతున్నది. ఒక జవాను వంగి ముక్కు కాడ ఏలు పెట్టి జూసి, ఇన్‌స్పెక్టరు దిక్కు తల అడ్డంగ ఊపిండు.

ఇన్‌స్పెక్టరు గడప కాడ నిలబడి శవాన్ని జూసిండు. మళ్ల అదే మెత్తటి గొంతుతోని అన్నడు, “చెట్టు మీంచి పడ్డాడమ్మా. గీత కార్మికుడు కదా. మీరు చూశారు.”

కాయితం రాపిచ్చిండు. ఊరి చివర తాటిచెట్టు ఎక్కి సారయ్య కాలుజారి పడంగ నేను కండ్లార చూసిన అని. “సంతకం పెడితే మీ పార్సిలు రేపే పోతుంది, ఆ ఒక్కటీ తీసేసి. పెట్టకపోతే రేపు మీ క్లాసులో ఉన్న నలభై ఒక్క మంది పిల్లల్ని ఒక్కొక్కళ్లనే ఈ గదికి పిలుస్తాను.”

తార కండ్లల్ల భాగ్యనే మెదిలింది. సంతకం పెట్టింది.

పొద్దూకక ముందే సారయ్యను తాటిచెట్టు కింద పండవెట్టిండ్రు. పక్కన కొత్త మోకు పడేసిండ్రు. చెట్టెక్కే ఆ తాడు ఎవలిదో ఏమో! సారయ్య మోకు ఎన్నడో అమ్ముకున్నడు. ఊరంత అచ్చి జూసింది. మోకాలు వంగని మనిషి తాటిచెట్టు ఎక్కిండట! సారయ్య పెండ్లాం శంకరవ్వ శవం కాన్నుంచి లేసి తార ముంగట నిలవడ్డది. “ఎక్కంగ నువ్వు సూసినవా బిడ్డా?” అని అడిగింది. తార తల వంచుకొని నిలబడ్డది. శంకరవ్వ మళ్ల అడగలే.

మూడో నాడు భాగ్య అచ్చింది. “నాదని నేనే పోయి చెప్త టీచర్. నా పాణానికి సారయ్య తాత పాణం పోయింది.”

“నోరు మూసుకొని బస్సెక్కు! నువ్వు చెప్తే ఆయన ఉత్తగ సచ్చినట్టైతది” అని తార కసిరింది. ముత్తమ్మ బిడ్డను బొంబాయి దిక్కు భివండిల మేనమామ ఇంటికి పంపింది. తార ఆ ఉన్ని గ్లౌజు భాగ్య సంచిల పెట్టి, బస్సు కదిలిందాక ఆన్నే ఉండి, తర్వాత బడికి పోయి గంట కొట్టింది. సారయ్య పోయినంక గంట ఆమెనే కొడుతున్నది.

సంక్రాంతి సెలవులైనంక నార్వే కాన్నుంచి ఉత్తరమచ్చింది, లోపట ఫోటో. పొడుగాటి అర మీద జతలు జతలుగ సామాన్లు. ఎండు చేప పక్కన పసుపు కొమ్ము, గాలం పక్కన బీడీ రేకు. నడుమ ఇరవై మూడు అని రాసిన జాగ ఉత్తగ ఉన్నది. “మీ పట్టిల ఇత్తడి గొట్టం అని ఉన్నది, డబ్బల లేదు. అది ఏంది? ఎవలిది? అది అచ్చేదాక ఆ జాగల ఏం పెట్టం” అని గ్లౌజు పంపిన పిల్లనే రాసింది.

తార ఆ ఫోటో ముంగట పెట్టుకొని రెండు దినాలు కూసున్నది. ఇన్ని దినాలు పిల్ల కోసమని మనసుకు చెప్పుకున్నది. పిల్ల ఇప్పుడు వాళ్లకు దొరకనంత దూరంల ఉన్నది. ఇగ ఎవల పేరు చెప్పుకొని నోరు మూసుకుంటది? మిగిలింది తన భయమే. అది ఒప్పుకునేసరికి ఏడుపచ్చింది, ఏడ్చింది.

ఐతారం నాడు సిరిసిల్ల బస్సెక్కి, తనను ఎరిగినోళ్లు లేని బజార్ల పోస్టు డబ్బల ఉత్తరమేసింది. అండ్ల ఏం రాసిందంటే: ఆ గొట్టం పొద్దుగాల మక్కచేన్ల చంపిన పిలగానిది. తెచ్చిన పిల్ల పేరు చెప్ప. ఆ పేరు కోసం మా అటెండర్ సారయ్యను కొట్టి చంపిండ్రు. చెట్టు మీదికెళ్లి పడ్డడని నేను దొంగ సంతకం పెట్టిన, ఛాయ తాగిన. ఆ జాగ అట్లనే ఉంచుండ్రి. కింద సారయ్య అని రాయుండ్రి.

అక్కడి ముప్పై రెండు మంది పిల్లలు ఊకోలే. ముప్పై రెండు ఉత్తరాలు రాసిండ్రు. ఢిల్లీకి రాసిండ్రు, హైద్రాబాదుకు రాసిండ్రు. అన్నిట్ల అదే ప్రశ్న, సారయ్య ఎట్ల సచ్చిండని.

మార్చి నెలల ఒక పొద్దుగాల, తార బడి గంట కొడుతుంటే క్యాంపు జీపచ్చి గేటు కాడ ఆగింది. పిల్లలు ప్రార్థనకు వరుసల నిలబడి ఉన్నరు. గోడవతల శంకరవ్వ కట్టెల మోపుతోని ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగి ఉత్తరాల కట్ట చేతుల పట్టుకొని అచ్చిండు. ఈసారి కుర్చీ లేదు, ఛాయ లేదు, మెత్తటి మాట లేదు.

“నీ సంతకం నా దగ్గరుంది. అందరి ముందు చెప్పు. సారయ్య చెట్టు మీంచి పడ్డాడా, లేదా?”

తార గంట కొట్టే ఇనుప కడ్డీ రెండు చేతులతోని పట్టుకొని, శంకరవ్వ దిక్కు జూసి, గోడ దాక ఇనబడేటట్టు అన్నది.

“పడలే. ఎక్కంగ నేను సూడలే అవ్వా.”