మూరెడు ఎత్తు

గాలిలో రెజిన్ వాసన.

ఘాటైన వాసన. కళ్లు మండించే వాసన. ఇసుకలో ఆరబోసిన ఎండుచేపల వాసనను కూడా అణగదొక్కి, జాలర్ల పాళెంలో ఇంటింటికీ దూరిన వాసన.

ఆర్ముగం ఆ వాసనను గుండె నిండా పీల్చుకున్నాడు.

ఒడ్డున, తాటిమొద్దుల మీద, అతని ఫైబర్ బోటు. దాని పక్కలు పెరుగుతున్నాయి. రెజిన్ పూసిన ఫైబరు, పొర మీద పొర. ఆరిన దాని మీద తడి. మూరెడు ఎత్తు.

మూరెడు ఎత్తు పెరిగితే దూరం పోవచ్చు.

దూరం పోతే చేప ఉంటుంది.

దగ్గర లేదు. దగ్గరి నీళ్లను పెద్ద మరబోట్లు వచ్చి అడుగుదాకా గీకి, గుడ్లతో సహా తోడుకుపోయాయి. మిగిలింది నీళ్లు... ఉత్త నీళ్లు. పాళెంలో సగం మంది మగవాళ్లు మద్రాసు హార్బరుకు పోయి పరాయి బోట్లెక్కారు. ఆర్ముగం పోలేదు. పోనన్నాడు. అతని భార్య వనజాక్షి ఎవరో పట్టిన చేపను గంపకెత్తుకుని చిట్టమూరు వీధుల్లో అమ్ముకొస్తోంది. "మీ ఆయన పట్టినాడా?" అని అడిగితే అవునంటోంది.

ఆ అబద్ధం అతనికి తెలుసు.

తెలుసని ఆమెకు తెలియదు.

"ఇంత లేపితే అల లోపలికి రాదు గదా?" బోట్లు కట్టే మేస్త్రీని అడిగాడు.

"రానే రాదన్నా. గోడ మాదిర నిలబడద్ది. గట్టిగా కట్టమంటివి, గట్టిగానే కడతా ఉండా. అయితే పాత ఇంజను దీన్ని లాగలేదు. పెద్దది పెట్టుకో."

పెద్దది పెట్టాడు. చేప చెడకుండా ఐసు పెట్టె చేయించాడు. లోపలంతా థర్మకోల్, మనిషి పడుకునేంత పొడవు. దాన్ని బోటు ముక్కు దగ్గర, అనియంలో బిగించాడు.

బోటు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు వినోద్. వనజాక్షి తమ్ముడు. తల్లి పోయాక అక్క చంకలో పెరిగినవాడు. అందరూ మద్రాసు పోతే, అక్క కోసం, బావ కోసం ఆగిపోయినవాడు. కొత్త గోడ మీద అరచేత్తో తట్టి నవ్వాడు.

"బాగా ఎత్తైంది బావా. గాలికి దూరాన్నించే కనబడద్ది."

ఆర్ముగం కూడా నవ్వాడు.

గాలి విన్నదేమో.

*

నలుగురు ఎక్కాల్సిన బోటులో బావా, బావమరిదీ ఇద్దరే ఎక్కారు.

కృష్ణపట్నం పొగగొట్టాలు సన్నబడి, గీతలై, మాయమయ్యేదాకా పోయారు. నీళ్లు పచ్చదనం వదిలి నీలమయ్యాయి. నీలం నలుపయింది. అక్కడ వల వదిలారు.

వల నీళ్లలో పరదాలా వేలాడాలి. నిలబడి, ఓపిగ్గా, చేప వచ్చేదాకా.

నిలబడలేదు.

గాలి బోటు గోడల్ని పట్టుకుంది. తెరచాపను పట్టుకున్నట్టు పట్టుకుంది. బోటు జారింది. జారుతూ వలను ఈడ్చింది. లాగి చూస్తే... వల కాదు, తాడు. మెలి మీద మెలి పడిన లావుపాటి తాడు.

పైగా పెట్టె బరువుకు అనియం ప్రతి అలలోకీ దూసుకుని మునిగింది. ఎముకలు కదిలాయి.

ఖాళీగా వచ్చారు. మళ్లీ పోయారు. మళ్లీ ఖాళీగా వచ్చారు.

గోడలు లేపకముందు ఆర్ముగం ఒంగితే వేళ్లకు సముద్రం తగిలేది. ఇప్పుడు తగలడంలేదు. సముద్రానికీ తనకూ మధ్య ఒక గోడ. తనే కట్టించుకున్న గోడ.

"కోసేద్దామా బావా? పైన లేపింది?" అన్నాడు వినోద్.

"కోసేదానికేనా లేపింది?"

ఆ మాట కఠినంగా వచ్చింది. వినోద్ తల వంచుకుని వల చిక్కులు తీస్తూ కూర్చున్నాడు.

ఆర్ముగం గోడల్ని ముట్టలేదు. పెట్టెను ముట్టాడు. అనియంలోంచి ఊడదీసి, వెనక అమరంలో, ఇంజను పక్కన బిగించాడు. ముక్కు తేలికైంది. ఖాళీ బోటు అలల మీద ఎగురుతూ పోయింది. చాన్నాళ్లకు అతనికి నవ్వొచ్చింది.

ఖాళీ బోటు ఎలాగైనా పోతుంది.

నిండితే ఏమవుతుందో ఆలోచించలేదు. నిండడమే మరిచిపోయిన బోటు అది.

*

బయల్దేరే పొద్దున వనజాక్షి ఒడ్డుదాకా వచ్చింది. తమ్ముడి చేతికి అన్నం డబ్బా ఇచ్చింది. మొగుడి వైపు చూసింది.

"ఈశాన్యపు గాలి తిరిగింది. ఈసారికి మానుకోరాదా?"

"ఈ ఒక్కసారి."

"వాడు బిడ్డ మాదిర నాకు."

"నాకు మాత్రం కాదా?"

ఆమె గంప చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది.

*

ఆ రోజు గాలి కాసేపు పడిపోయింది.

గాలి పడిపోతే వల నిలబడింది. నిలబడిన వలలోకి చేప వచ్చింది. వంజరాలు. వెండి కడ్డీల్లా, ఒకదాని వెనక ఒకటి, తెల్లగా, బరువుగా, తోకలు కొట్టుకుంటూ. వినోద్ కేకలు పెట్టాడు. ఆర్ముగం కేకలు పెట్టలేదు. ఒక్కో చేపను పెట్టెలో పెడుతుంటే ఒక్కటే కనిపించింది... చిట్టమూరు వీధిలో వనజాక్షి. "మీ ఆయన పట్టినాడా?" అవును. ఈసారి నిజంగా అవును.

పెట్టె నిండింది.

అమరం కుంగింది.

మర్నాడు పొద్దెక్కాక ఒడ్డువైపు తిరిగారు. గాలి మళ్లీ లేచింది. వెనకనుంచి. ఈశాన్యం నుంచి. అలలు తరుముకొచ్చాయి. మొదటి అల ఇంజను మీదుగా దూకి లోపలికి వచ్చింది.

వచ్చింది... పోలేదు.

ఎత్తు పెంచకముందు నీళ్లు వచ్చేవి, పక్కనుంచి పోయేవి. ఇప్పుడు పోవడానికి దారి లేదు. నీళ్లు లోపలికి రాకుండా లేపిన గోడలు, నీళ్లు బయటికి పోకుండా కాపలా కాశాయి.

వినోద్ బకెట్టుతో తోడాడు. తోడిన దానికంటే ఎక్కువ వచ్చింది.

"బావా, పెట్టె తోసేద్దాం!"

ఆర్ముగం పెట్టెవైపు చూశాడు.

"బావా!"

"కొంచెం ఓర్చుకోరా. గొట్టాలు కనపడతా ఉండాయి చూడు. వచ్చేసినాం."

కొంచెం.

ఆ కొంచెంలోనే రెండో అల వచ్చింది. ఇంజను దగ్గింది. ఆగింది. వలను ఊడ్చుకుపోయింది అల. వినోద్ ఇక అడగలేదు. కత్తి పట్టుకుని మోకాటిలోతు నీళ్లలో అమరానికి పోయి పెట్టె కట్లు కోశాడు. కుంగిన అమరం మీదుగా పెట్టె కదిలింది. జారింది. జారుతూ, తెగిన తాడు అతని కాలికి చుట్టుకుని...

ఇద్దరూ నీళ్లలో పడ్డారు. పెట్టే, వాడూ.

పెట్టె మునగలేదు. తేలింది. వినోద్ దగ్గుతూ పైకి వచ్చి దాన్ని కరుచుకున్నాడు.

ఆర్ముగం తాడు విసిరాడు. అందేటట్టే విసిరాడు. కానీ బరువు దిగిన బోటు పైకి లేచింది. లేచిన గోడల్ని గాలి పట్టుకుంది. తాడు చాలలేదు. పెట్టె నీళ్లలో అణిగి ఉంది, గాలికి అందదు. బోటు ఎత్తుగా ఉంది, గాలి వదలదు. మధ్యన నీళ్లు పెరిగాయి.

తెడ్డు వేశాడు. బోటు వినలేదు. లంగరు వేశాడు. లంగరును ఇసుకలో ఈడ్చుకుంటూ బోటు పోయింది.

దూకడానికి గోడ మీద కాలు పెట్టాడు.

"దూకబాక బావా!" అలల మీదుగా వచ్చింది గొంతు. "ఇద్దరం పోతే... యాడ వెతకాల్నో ఎవురు చెప్తారు!"

కాలు దించాడు.

గొడ్డలి తీశాడు. గోడల్ని నరికాడు. గాలికి పట్టు లేకుండా చెయ్యాలని, మూరెడూ నరికి పారెయ్యాలని... నరికాడు. గట్టిగా కట్టమని అడిగింది తనే. గొడ్డలి ఎగిరి తిరిగొచ్చింది. ఫైబరు ముక్కలు అరచేతుల్లో దిగబడ్డాయి. నెత్తురు. మళ్లీ నరికాడు. తలెత్తినప్పుడల్లా పెట్టె చిన్నదైంది. పిడికిలంత. గవ్వంత.

తర్వాత ఏది పెట్టో, ఏది అలో తెలియలేదు.

గాలి అతన్ని భద్రంగా ఒడ్డుకు చేర్చింది. దూరం పోవడానికి లేపిన గోడలే అతన్ని ఇంటికి తెచ్చాయి.

ఒక్కణ్నే తెచ్చాయి.

*

వనజాక్షి ఏడవలేదు. అతని నెత్తుటి చేతుల వైపు చూడలేదు. బోటులోకి ఒకసారి చూసింది, ఒక్కసారే.

"వాడి చేతిలో ఏమన్నా ఉన్నిందా?"

"పెట్టె. పెట్టెను పట్టుకోనుండాడు."

"మునగదు గదా అది?"

"మునగదు."

"నువ్వెందుకు ముందే తోయలేదు?"

అతను పెట్టె లేని అమరం వైపు చూశాడు.

ఎవరో పోలీసులకు ఫోను చేస్తున్నారు. ఇంకెవరో డీజిలు మోసుకొస్తున్నారు. పాళెంలో మిగిలిన బోట్లు ఒక్కొక్కటే నీళ్లలోకి దిగుతున్నాయి. ఆడది బోటెక్కే ఆచారం లేదు ఆ పాళెంలో. వనజాక్షి చీర చెంగు దోపుకుని ఎక్కింది. ఎవరూ వద్దనలేదు.

"గాలి పోయేపక్క కాదు," అన్నాడు ఆర్ముగం. "గాలి నన్ను తెచ్చింది. వాణ్ని నీళ్లు తీసుకుపోతాయి. నీళ్లు దక్షిణానికి పారతా ఉండాయి."

దక్షిణానికి పోయారు. పులికాటు ముఖద్వారం వైపు.

ఎవరిదో పాత బోటు. పొట్టి బోటు. అల వస్తే లోపలికొచ్చి, పక్కనుంచి పోతోంది. ఆర్ముగం వేళ్లకు సముద్రం తగిలింది. వెనక్కి తీసుకోలేదు. ఉప్పు గాయాల్లోకి దిగింది. దిగనిచ్చాడు.

ఆమె తూర్పుకు, సముద్రం లోపలికి తిరిగి పిలుస్తోంది.

"వినోదూ... రేయ్ వినోదూ..."

పిలిచిన ప్రతిసారీ గాలి ఆ పేరును ఆమె మొహానికే తిప్పికొడుతోంది. ఆమె మళ్లీ పిలుస్తోంది. గొంతు చీలింది. చీలిన గొంతుతోనే పిలుస్తోంది.

పొద్దు వాలుతోంది.

అప్పుడు చూశాడతను. దూరాన, తూర్పున, నీళ్లు ఎర్రబడిన చోట, పక్షులు. తెల్లటి సముద్రపు పక్షులు. ఒకే చోట, ఒకే చుట్టుగా, కిందికి దిగుతూ, లేస్తూ.

మూత ఊడిన పెట్టె మీద కావచ్చు. ఉత్త చేపల గుంపు మీద కావచ్చు.

అతను చెయ్యి చాపి చూపించాడు. వనజాక్షి పిలవడం ఆపింది. బోటు అటు తిరిగింది.

పక్షులు దిగుతున్నాయి... కానీ వాలడంలేదు.

కదిలేదాని మీద అవి వాలవు. అల కదిల్చినా వాలవు. మనిషి కదిలినా వాలవు.

ఎదురుగాలి.

గాలిలో నిన్నటి చేపల వాసన.