ఏడో అంతస్తు మూలగదిలో లైటు

మా భవనానికి పద్నాలుగు అంతస్తులు. నేనుండేది వాటన్నిటికీ కింద, కిటికీ లేని గదిలో. అందుకే సెక్యూరిటీ వాళ్ళు నా గదికి పాతాళం అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. పైనున్న వాళ్ళకి చల్లగాలి కావాలన్నా, వెలుతురు కావాలన్నా ఈ పాతాళమే దిక్కు.

నా గది గోడకి టిఫిన్ డబ్బా అంత కంట్రోలర్ ఒకటి ఉంటుంది. ఫ్యాన్లు, పంపులు, లైట్లు అన్నీ తమ సంగతులు దానికి చెప్పుకుంటాయి, అది నా తెరకి చెబుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఆ తెర చూస్తుంటే నాకు మెలకువో కలో తెలియదు. వేడిని చూపే గీతలు నెమ్మదిగా లేచి, నెమ్మదిగా పడుతుంటాయి. మీటింగు ముగిసిన గది చల్లబడుతుంది. ఎవరో మెట్ల తలుపు తీస్తే ఆ అంతస్తు గాలి కాస్త తడబడి మళ్ళీ సర్దుకుంటుంది. భవనమంతా నిద్రలో ఊపిరి తీసుకుంటున్నట్టుంటుంది.

ఫ్యానుకొకటి, పంపుకొకటి, లైటుకొకటిగా తెర మీదున్న పదకొండు వందల చుక్కల్లో నేను నిజంగా చూసేది ఒక్కటే. ఏడో అంతస్తు మూలగది లైటు. ఆ గదిలో మా ఆవిడ ఒక్కతే కూర్చుని పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతుంది.

నాలుగు నెలల కిందట, ఏడో నెలలో, మా పాప పుట్టకముందే పోయింది. అప్పట్నుంచి ఇంట్లో మా మాటలు పాలు, గ్యాసు, తాళంచెవి దాటి వెళ్ళడం లేదు. ఇక్కడ తెర ముందు కూర్చుంటే ఒక్కోసారి భవనం ఊపిరి మరీ చిన్నగా, పసిదానిలా వినిపిస్తుంది. అప్పుడు లేచి ఏదో ఒక పంపు దగ్గరికి పోతాను. ఆదివారం వచ్చి కూతుర్ని పుట్టింటికి తీసుకెళ్తానని అత్తయ్య ఫోన్ చేసింది. "కొన్నాళ్ళే" అంది. వెళ్తే మా ఆవిడ ఇక తిరిగి రాదని నా భయం. ఆ మాట ఆమెతో అనడానికి నోరు పెగలదు.

మా గదుల్లో లైట్లు కదలికని బట్టి వెలుగుతాయి. పావుగంటసేపు ఎవరూ కదలకపోతే గది ఖాళీ అనుకుని కంట్రోలర్ లైటు ఆర్పేస్తుంది. మిగతా గదులు సాయంత్రం జనం వెళ్ళాక ఆరుతాయి. మూలగది మాత్రం మధ్యాహ్నమే ఆరేది. దాని కిటికీకి పక్క భవనం గోడ అడ్డం, పగలైనా వెలుతురు రాదు. సాయంత్రం దాకా ఆమె గది దాటదు, అంటే మా ఆవిడ లోపలే ఉంది, పెన్ను పట్టుకుని, వేలు కూడా కదపకుండా, చీకట్లో. తలుచుకుంటే నా ప్రాణం గిలగిల్లాడేది. కాసేపటికి లైటు మళ్ళీ వెలిగేది. రోజుకి మూడుసార్లు, నాలుగుసార్లు ఇదే వరస.

చివరికి మా పనిలో ఉన్నవాళ్ళకే తట్టే ఉపాయం ఒకటి నాకూ తట్టింది. ఆ లైటుని ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చి, వెలుగుతూనే ఉండమని ఆదేశం ఇచ్చేశాను. ఇక ఆరదు. పది రోజులపాటు తెర మీద ఆ చుక్క పచ్చగా, నిశ్చింతగా ఉంది. నా అంత మంచి మొగుడు లేడని నాలో నేనే మురిసిపోయాను.

శుక్రవారం పొద్దున్న మా ఆవిడే పాతాళానికి దిగివచ్చింది. పెళ్ళయిన ఐదేళ్ళలో అదే మొదటిసారి.

"నా గదిలో లైటు పాడైంది. ఎవరికి చెప్పాలి?" అంది.

"పాడవడమేంటి? వెలుగుతూనే ఉందిగా."

"అదే. ఆరట్లేదు."

"ఆరకుండా నేనే పెట్టాను," అన్నాను, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ. "నువ్వు చీకట్లో కూర్చోకూడదని."

ఆమె తెరకేసి చూసింది.

"అది ఆరితేనే నేను లేచేదాన్నండీ. ఆరగానే, ఇంతసేపూ నేనిక్కడ లేనన్నమాట అనిపించేది. లేచి నాలుగడుగులు వేసి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ పని చూసుకునేదాన్ని. ఇప్పుడు తలెత్తేసరికి సాయంత్రమైపోతోంది. నిన్న ఒక్క పేజీ కూడా దిద్దలేదు."

ఆమెని లేపేది ఆ ఒక్క చీకటే, దాన్ని నా చేత్తో నేనే ఆపేశాను. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటుంది. నేను వెలిగించిన చుక్కని నేనే చూసుకుని, ఆమె బాగానే ఉందనుకున్నాను. ఒక్కరోజైనా పైకెళ్ళి తలుపు తట్టిన పాపాన పోలేదు.

మౌస్ పట్టుకుని మళ్ళీ ఆటోకి మార్చాను. "బాగైంది," అన్నాను.

"సరే," అని వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర ఆగింది. "అమ్మ ఎల్లుండి వస్తోంది. వెళ్ళనా?"

"వద్దు," అన్నాను. ఏదో సర్దిచెప్పబోయాను గానీ, నాలుగు నెలలుగా అణిచిపెట్టిందే బయటికొచ్చింది. "పాప గుర్తొస్తోందే. నీ ముందు ఏడిస్తే నువ్వు ఇంకా కుంగిపోతావని, రోజూ ఇక్కడే ఏడుస్తున్నాను."

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"ఏమోనండీ," అంది. "పాప పోయింది నాకొక్కదానికే అనుకున్నాను."