నారు లారీ ఎక్కిన రోజు

రాత్రి నుంచి షెడ్డులో మంచు కరుగుతున్న సంచి మూతి విప్పి, రత్నకుమారి స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు మొక్క ఒకటి బయటికి తీసింది. కాండం మీద బొటనవేలి గోటితో గీరింది. బెరడు కింద పచ్చటి తడి. ప్రాణముంది. మొక్కను మళ్లీ లోపల పడుకోబెట్టి, పక్క సంచి దగ్గరికి జరిగింది.

ఎల్గిన్ శివార్లలోని ఆ నర్సరీలో పొలంలో మంచు పడి మొక్కలు గట్టిపడ్డాకే నారు పీకుతారు. సంచుల్లో కట్టి శీతలగదిలో పేరుస్తారు. చలికాలమంతా అక్కడే నిద్రపోయిన నారు వసంతంలో లారీలెక్కి కొండలకు పోతుంది.

ఆమె తెనాలి నుంచి భర్త వెంట ఈ చలిదేశానికి వచ్చింది. ఆయన భోజనం కట్టిచ్చే టేక్‌అవే దుకాణం పెట్టాడు, గుండెపోటుతో పోయాడు. తర్వాత దొరికిన పని ఇది. నడుము పట్టేసినా, వేళ్లు పగిలి నెత్తురు చిమ్మినా మానలేదు.

సంచులను ఎత్తి అరల్లో పేర్చే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే హన్మంతుది నిజామాబాద్. ఒక ఏడు చలి ఆలస్యంగా వచ్చింది. యజమాని తొందరపడి ఇంకా లేతగా ఉన్న నారు పీకించాడు. ఫిబ్రవరిలో సంచులు విప్పితే మొక్కలన్నీ గోధుమరంగు తిరిగి, బూజు వాసన కొట్టాయి. వాటిని బయట గుట్టగా పోస్తూ రత్నకుమారి ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. హన్మంతు బండి దిగి వచ్చి, ఏమీ అడగకుండా తనూ పక్కన నిలబడి సంచులు కుమ్మరించాడు. అప్పటి నుంచి టీ వేళకు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. అతను పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఆమె అడగలేదు. అడగాలని మాత్రం ప్రతి చలికాలమూ అనుకునేది.

ఈరోజు అతను పని మానేస్తున్నాడు. దూరాన దక్షిణాదిలో ఉన్న స్విండన్‌లో చెల్లెలి భర్త కారు ప్రమాదంలో పోయాడు. చెల్లెలికీ, ఆమె పిల్లలకూ ఇంకెవరూ లేరు.

మధ్యాహ్నానికి ఆఖరి లారీ నిండింది. స్టేషన్‌లో దింపుతానని డ్రైవరు హన్మంతును పిలిచాడు. అతను బ్యాగు భుజాన వేసుకుని ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పోతున్న, రత్నగారూ," అన్నాడు. కానీ కదల్లేదు. "మీరు ఉండమంటే... చెల్లెను ఈడికే తెచ్చుకుంట. అది రానంటున్నది గానీ, అడిగి చూస్త."

ఉండమనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే అతను నిజంగానే ఉండిపోతాడు.

"పిల్లల బడి అక్కడేనండీ. తండ్రి పోయాడు, మళ్లీ ఊరు కూడా మార్చేస్తే ఎలా తట్టుకుంటారు? మేనమామ కోసం చూస్తుంటారు. వెళ్లండి."

అతను తలాడించాడు. "ఫోన్ చేస్త."

"టీ టైములో చెయ్యండి," అంది.

లారీ గేటు దాటి, మలుపులో మాయమయ్యేదాకా ఆమె నిలబడే ఉంది.

సాయంత్రం శీతలగది తాళం వేయడానికి వెళ్లింది. లోపల లైటు వేసింది. ఖాళీ అరల మధ్య ఫోర్క్‌లిఫ్ట్ ఆగి ఉంది. దాని స్టీరింగు మీద హన్మంతు మరిచిపోయిన తడి చేతితొడుగు ఒకటి గడ్డకట్టి, వేళ్లు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే వంగి ఉంది.