తల తినే గొల్లభామ

చలి మొదలైందంటే కెనడాలోని బ్రాంప్టన్ తెలుగువాళ్ళ ఇళ్ళలో కరివేపాకు కుండీ లోపలికి రావాల్సిందే. లేకపోతే రాత్రికి రాత్రే మాడిపోతుంది. ఆ కుండీ మోసే పని వాసంతిది. ఎవరూ చెప్పలేదు, అదలా ఆమెదైపోయిందంతే. ఆ శనివారం మధ్యాహ్నం కుండీని హాల్లో దింపి, నడుం పట్టుకుని చూస్తే, కొమ్మ మీద వేలెడంత పచ్చటి పురుగు, ముందుకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది.

"ప్రేయింగ్ మాంటిస్!" అంది కూతురు ఇషిత. "చూడమ్మా, ప్రే చేస్తోంది."

"ప్రేయరూ లేదు, పాడూ లేదు. గొల్లభామే అది! మజ్జిగ చిలుకుతోంది," అన్నారు అత్తగారు భ్రమరాంబ.

పురుగు ఒకటే. ఇంగ్లీషులో దణ్ణం పెట్టుకుంటోంది, తెలుగులో చాకిరీ చేస్తోంది. వాసంతికి నవ్వు రావాల్సిన చోట ఏమీ రాలేదు. ఈమధ్య ఏడుపూ రావడం లేదు, కోపమూ రావడం లేదు. మొద్దుబారిపోయింది మనిషి.

భోజనానికొచ్చిన యోగానంద్ గారూ ఆయన భార్య పద్మినీ కుండీ చుట్టూ చేరారు. "విషం ఉండదట, మనల్నేమీ చెయ్యదట," ఫోన్‌లో చూసి చెప్పింది పద్మిని. "ఈగల్ని, మిడతల్ని తింటుందట. ఒక్కోసారి మగదాని తల కూడా!"

"మా ఇంట్లోనూ ఒకటుంది. రోజూ నా తల తింటుంది," అన్నాడు వాసంతి భర్త కిరీటి.

అందరూ విరగబడి నవ్వారు. అలవాటు కొద్దీ వాసంతి కూడా నవ్వింది.

తనేం తిన్నదని? కిచెనర్ అనే ఊళ్ళో ఒక కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. సోమవారంలోగా సరేనని చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. జువాలజీ ఎమ్మెస్సీ చదివి, పెళ్ళికి ముందు పాఠాలు చెప్పి, ఈ దేశం వచ్చాక గరిట తప్ప ఇంకేమీ పట్టని మనిషికి వచ్చిన మొదటి పిలుపు. ఆ మాట ఎత్తితే కిరీటి ఫోన్‌లోంచి తలెత్తలేదు. "గంట డ్రైవ్. పగలంతా అమ్మని ఎవరు చూస్తారు? నా తల తినకు వాసూ." ఇంకోసారి అడిగినా అదే మాట. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది.

భ్రమరాంబ గారు సీసా మూతలో పెరుగన్నం పెట్టి గొల్లభామ ముందుంచారు. "తినవే తల్లీ." అది అటు చూడనైనా లేదు.

"నానమ్మా, అది బతికున్నవే తింటుంది. కదలకపోతే అసలు దానికి కనిపించదు," అంది ఇషిత. "అండ్ డాడ్, మగదాన్ని తినేది ఎక్కువగా బాగా ఆకలేసినప్పుడేనట."

"అయితే మీ అమ్మతో నాకేం భయం లేదు," అన్నాడు కిరీటి, టేబుల్ దగ్గర కూర్చుంటూ. "వాసూ, వేడివేడిగా పూరీలు పట్రా."

వాసంతి వంటింట్లోకి వెళ్ళింది. నూనె కాగుతోంది. స్టవ్ ఆపేసింది. ఫోన్ తీసి కిచెనర్‌కి మెయిల్ పెట్టింది. గుండె దడదడలాడింది, ఎన్నాళ్ళకో. అప్పటికే వేయించిన పూరీలు తెచ్చి, తన కంచంలో కూడా వేసుకుని, అతిథులతో పాటు కూర్చుంది.

"ఇదేంటి? ముందు అందరిదీ కానీ!" అన్నాడు కిరీటి.

"ఆకలేస్తోంది," అంది వాసంతి. "ఉద్యోగానికి సరేనని చెప్పేశాను. పగలు అత్తయ్యగారిని మీరు చూసుకోండి. మీది వర్క్ ఫ్రమ్ హోమే కదా."