పాత కంప్యూటరు, ఎడమచేతి గేరు

లారీ మళ్ళీ లోయలో పడింది.

సుబ్రమణ్యం కంప్యూటరు మీటల బోర్డు మీదున్న ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పుకున్నాడు. తెరమీద లారీ చక్రాలు పైకి పెట్టి ఇంకా గిరగిరా తిప్పుతూనే ఉంది.

వంటింటి గడపలో నిలబడి చూస్తున్న భార్య చంద్రకాంతమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఇంకొక్కసారి తోలయ్యా" అంది.

"ఏం తోలేది మే? బ్రేకు నొక్కమంటే నొక్కదు ఈ చెయ్యి. సచ్చిపోయింది. ఇరవైరెండేండ్లు కొండకు బస్సు తోలినా, ఒక్క అద్దం పగలగొట్టింది లేదు. ఇప్పుడు దినానికి ఇరవైసార్లు లోయలో పడాల్నా? ఆపెయ్ దాన్ని."

ఆమె ఆపేసింది. ఆ రోజు మొదలు పది రోజులు ఆ కంప్యూటరు ఎవరూ పెట్టలేదు. ఆ తువ్వాలు కూడా ఆయన చేతి మీదనుంచి లేవలేదు.

సుబ్రమణ్యం ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరై రెండేళ్ళయింది. నాలుగు నెలల కిందట ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ గీసుకుంటూనే ఎడమపక్కకు ఒరిగిపోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక కాలు మెల్లగా దారికొచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. రావలసింది చాలావరకు మొదటి ఆరు నెలల్లోనే వస్తుంది, ఊరికే ఉంచకండి, వేళ్ళకు పని పెట్టండి అని వ్యాయామం నేర్పే డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పిసకడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చింది. సుబ్రమణ్యం రెండు రోజులు పిసికి, మూడో రోజు "నేనేమన్నా ఉయ్యాల్లో బిడ్డనా" అని దాన్ని ఎదురింటి మిద్దె మీదికి విసిరేశాడు.

అప్పుడు దారి చూపింది కూతురు రేవతి. చిత్తూరులో ఉద్యోగం చేసే ఆ పిల్ల ఒక ఆదివారం వచ్చి, తను కాలేజీలో చదివేటప్పుడు కొన్న కంప్యూటరు దుమ్ము దులిపి, ఏదో పత్రికతోపాటు ఊరికే వచ్చిన సీడీలోంచి ఒక ఆట ఎక్కించింది. కొండదారిలో సరుకు లారీ తోలే ఆట. కుడిచేతితో బండి తిప్పాలి. ఎడమచేతి కింద బ్రేకు, గేర్ల మీటలు. బస్సులోనూ గేరుకడ్డీ ఎడమచేతి పక్కనే ఉంటుంది కదా. బంతిని అసహ్యించుకున్న ఆ చెయ్యి, లారీ ఎత్తు ఎక్కేటప్పుడు ఎవరూ చెప్పకుండానే గేరు కోసం తడుముకుంది. బొటనవేలు కదిలింది. నెల తిరిగేసరికి చూపుడువేలు కదిలింది. మిగిలిన మూడు వేళ్ళు మాత్రం ఇంకా రాలేదు. చంద్రకాంతమ్మ ఆ ఇంజను మోతను రేడియోలో భక్తిపాటలు విన్నంత ఇష్టంగా వినేది.

ఎండలు ముదిరేసరికి ఆట పాడైంది. లారీ కుంటుకుంటూ పోతుంది, మలుపు దగ్గర బొమ్మ ఆగి ఆగి వస్తుంది, నొక్కిన బ్రేకు ఎప్పుడో పడుతుంది. బజారులో కంప్యూటర్లు అమ్మే ధనంజయను పిలిపిస్తే, అతను ఒక మర కూడా విప్పలేదు. "ముసలిదైపోయింది పెద్దమ్మా. దీంతో ఉత్తరాలు రాసుకోవచ్చు గానీ ఆటలాడేది కాదు. కొత్తది తీసుకోండి" అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ముసలిదైపోయింది అన్న మాట ఆయన చెవిన పడకూడదని ఆమె చూసింది. పడింది.

నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందె వరసలో నిలబడినప్పుడు ఈ సంగతంతా స్టెల్లాతో చెప్పుకుంది. స్టెల్లా రెండు వీధుల అవతల ఉంటుంది. బస్టాండు దగ్గర పెళ్ళిపత్రికలు కొట్టే షాపులో కంప్యూటరు మీద పని.

"ఎన్నేండ్ల బండి పెద్దమ్మా అది?"

"ఐదేండ్లు."

"మా షాపులో దానికి అన్న ఉండాది, ఎనిమిదేండ్లది. దానిమీదనే ఈ ముహూర్తాలకు నూటపది పత్రికలు చేసినా. ఆదివారం చర్చి అయినాక వస్తా ఉండండి."

చెప్పినట్టే వచ్చింది. గుడ్డసంచిలో స్క్రూడ్రైవరు, రంగులు వేసే బ్రష్షు, ఒక చిన్న ట్యూబు, ఒక నోటుపుస్తకం. కంప్యూటరును వెంటనే విప్పుతుందనుకుంది చంద్రకాంతమ్మ. స్టెల్లా విప్పలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"పెదనాయనా, మీరు తోలండి. నేను సూస్తా."

"నేను తోలేది లేదు. నువ్వే తోల్కో."

"సరే" అని స్టెల్లా తనే కూర్చుంది. ఆమె లారీ తోలడం చూస్తే సుబ్రమణ్యానికి ప్రాణం మీదికొచ్చింది. గోడకు గీకుతుంది, ఎదురొచ్చే బండికి అడ్డం పోతుంది.

"ఎవుడిచ్చినాడమ్మే నీకు లైసెన్సు? హారనన్నా కొట్టు!"

"తిట్టండి పెదనాయనా, తిట్టండి. సైకిలు కూడా రాదు నాకు."

పది నిమిషాలు అలాగే పోనిచ్చింది. అప్పుడు బొమ్మ తడబడడం మొదలైంది. మలుపు వచ్చింది. స్టెల్లా బ్రేకు మీట నొక్కి పట్టింది. లారీ ఏమీ పట్టనట్టు నేరుగా పోయి లోయలో పడింది.

సుబ్రమణ్యం ముందుకు వంగాడు. "నువ్వు నొక్కినావా?"

"నొక్కినా. వేలు సూడండి, ఇంకా దాని మీదనే ఉండాది."

"ఇంకోసారి తోలు."

ఇంకోసారి తోలింది. కళ్ళు తెరకు కాక ఆమె వేలికి అప్పగించి చూశాడాయన. వేలు టక్కున దిగింది. లారీ పడింది.

"నా చేతికి ఏ రోగమూ లేదు కదా పెదనాయనా. నాదీ పడింది" అంది స్టెల్లా.

సుబ్రమణ్యం చేతి మీది తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. చంద్రకాంతమ్మ వంటింట్లోకి పోయి, ఊరికే ఒక గిన్నె తీసి మళ్ళీ అక్కడే పెట్టి వచ్చింది.

"ఎప్పుడూ ఇట్లనే ఉంటాదా, కొన్నిసార్లా?" స్టెల్లా అడిగింది.

"పొద్దున్నే పెడితే బాగా పోతాది. పది నిమిషాలు. ఆ తర్వాత ఈడుస్తాది. ఆపేసి రవ్వంతసేపు ఉండి పెడితే మళ్ళా బాగుంటాది."

"అదే బస్సయితే ఏమంటారు మీరు?"

"ఏమంటాము? ఇంజను కాగిపోయిందంటాము. రేడియేటరు సూడమంటాము."

స్టెల్లా నవ్వి స్క్రూడ్రైవరు తీసింది. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసో, ఆయన చెప్పాకే తెలిసిందో చంద్రకాంతమ్మ ఎన్నాళ్ళు ఆలోచించినా తేల్చుకోలేకపోయింది.

రేకు పెట్టె పక్కతలుపు ఊడింది. లోపల చిన్న ఫ్యాను, దాని కింద పలకలు పలకలుగా అల్యూమినియం రేకులు. రేకుల సందులన్నీ నల్లటి జిగురుతో మూసుకుపోయాయి. స్టెల్లా గోటితో గీకి వాసన చూసింది. తలెత్తి గదంతా చూసింది. కంప్యూటరు బల్ల పక్కనే దేవుడి అర, అరలో ధూపం గిన్నె.

"పెద్దమ్మా, సాంబ్రాణి దీనికి కూడా పడతారా?"

చంద్రకాంతమ్మ ధూపం గిన్నె వైపు చూసింది. ఇంతకుముందు శుక్రవారాలు మాత్రమే పట్టేది. ఈయన పడిపోయినప్పటినుంచి రెండుపూటలా. ఆయన చెయ్యి బాగుపడేది ఆ పెట్టెతోనే కదా అని, దేవుడికి పట్టాక దానికి మూడుసార్లు తిప్పి పట్టేది, వెనక బెజ్జాల దగ్గర ఇంకొంచెం ఎక్కువగా. ఫ్యాను అంతా లోపలికి లాక్కుంది.

"నేనే చేసినానా ఇదంతా?" అంది.

"ఓసి దీనమ్మ కడుపు మాడ!" సుబ్రమణ్యం ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. "రెండుపూటలా పొగబెట్టి నా బండిని సంపింది నువ్వా మే! నేను ఆ పాపం చేతిమీద ఏసుకోని కూర్చోనుండా!"

నాలుగు నెలల్లో ఆయన అలా నవ్వడం అదే మొదలు. చంద్రకాంతమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"పొగ మానొద్దులే పెద్దమ్మా, దేవుడికి పట్టండి. దీన్ని ఆ కిటికీ పక్కకు మార్చుకుందాము, సరిపోతాది" అంది స్టెల్లా. బ్రష్షుతో సందు సందూ దులిపింది. ఫ్యాను రెక్కలను గుడ్డతో ఒక్కోటే తుడిచింది. ఆ రేకుల కింద, వేడి లాగడానికి పూసిన మందు సున్నంలా ఎండిపోయి ఉంటే గీకి తీసి, ట్యూబులోంచి మినపగింజంత తెల్లటి మందు పెట్టి బిగించింది. అంత చిన్న పనినీ ఆమె తొందరపడకుండా చేయడం చూస్తుంటే చంద్రకాంతమ్మకు పొయ్యి మీద పాలు గుర్తుకు రాలేదు. అవి పొంగిపోయాయి కూడా.

మళ్ళీ పెట్టి తోలితే పావుగంట దాటినా ఈడవలేదు. చెట్లు గుబురుగా ఉన్నచోట మాత్రం రవ్వంత తడబడింది.

"పెదనాయనా, తోలేటప్పుడు మీరు ఏం సూస్తారు?"

"రోడ్డు అంచు సూస్తా. ముందర బండి సూస్తా. చెట్లు సూసుకుంటా తోలేవాడు డ్రైవరా?"

"అయితే చెట్లు తగ్గించేస్తా. నీడలు తీసేస్తా. మబ్బులు?"

"మబ్బులెందుకు? వానొచ్చినప్పుడు సూసుకుందాము."

అవన్నీ గీసీ గీసీ ఈ పాత పెట్టె అలిసిపోతుందట. రోడ్డు అంచు మాత్రం తేటగా ఉంచింది. ఆ తర్వాత, ఎప్పుడో రేవతి పెట్టుకున్నవి, కంప్యూటరు లేచీ లేవగానే వాటంతటవి తెరుచుకునేవి, ప్రోగ్రాములు పదకొండు లెక్క తేలాయి.

"టికెట్టు లేనోళ్ళందరూ ఎక్కి కూర్చోనుండారు" అన్నాడు సుబ్రమణ్యం.

"దించేద్దామా?"

"దించు, దించు. ఈడనే దించు."

ఒక్కోటి మార్చడం, అదే మలుపు దాకా లారీ తోలి చూడడం, నోటుపుస్తకంలో రాసుకోవడం. ఆ మలుపుకు స్టెల్లా ఎన్నిసార్లు పోయిందో. చూసి చూసి సుబ్రమణ్యం అన్నాడు, "అన్నీ ఒక్కసారే మార్చేయొచ్చు గదమ్మా?"

"అప్పుడు దేంతో బాగైందో తెలీదు పెదనాయనా. రేపు మళ్ళా చెడితే యాడని వెతికేది?"

ఆయన భార్యవైపు తిరిగాడు. "మా డిపోలో మునిరామయ్య అని మెకానిక్కు ఉండె, నీకు తెలుసు గదా. అచ్చం ఆయన మాట." డిపోలో సుబ్రమణ్యం చేయెత్తి మొక్కింది ఆ ఒక్క మనిషికే.

మధ్యాహ్నం రెండు దాటాక స్టెల్లా కుర్చీ ఖాళీ చేసింది. "కొత్తదాని మాదిరి పోదు. కానీ నొక్కితే అప్పుడే వింటాది. రండి పెదనాయనా."

సుబ్రమణ్యం కూర్చున్నాడు. కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి మీటల మీద పెట్టుకున్నాడు. లారీ కదిలింది. అవసరం లేకపోయినా బ్రేకు నొక్కాడు. లారీ ముక్కు కిందికి వంచి ఆగింది. వదిలాడు. మళ్ళీ నొక్కాడు, ఆగింది. తిన్నటి రోడ్డు మీద నాలుగుసార్లు అలా ఆపి చూసుకుని, అప్పుడు కొండ ఎక్కించాడు.

ఆరు మలుపులు తిరిగాడు. ఏడోదాంట్లో లారీ జారి లోయలో పడింది.

చంద్రకాంతమ్మ, ఆయన మళ్ళీ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటాడేమోనని చూసింది.

"ఇది నా తప్పే" అన్నాడు సుబ్రమణ్యం తాపీగా. "గేరు దించకుండా వచ్చినా. బండి మంచిదే." మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.

స్టెల్లా సంచి సర్దుకుంది. చంద్రకాంతమ్మ ఆమె చేతిలో అలసందవడల పొట్లం పెట్టి వాకిలి దాకా వచ్చింది. ఆ చేతినే పట్టుకుని నిలబడింది.

"అరగంటకొకసారి లేపండి పెద్దమ్మా, లేకుంటే నడుము పట్టేస్తాది" అంటూ స్టెల్లా చెప్పులు వేసుకుంటుంటే లోపలినుంచి కేక వినబడింది.

"ఏమే, ఆ పాప పోయిందా? గేరు దించే మీట రవ్వంత బిగువుగా ఉండాదని చెప్పు!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "బిగువుగా ఉండాదని ఎట్ల తెలిసింది పెదనాయనా? ఏ వేలితో నొక్కినారు?" స్టెల్లా గడపలోంచే అడిగింది.

"దీంతోనే" అన్నాడాయన, తెరమీదనుంచి చూపు తిప్పకుండా. ఎడమచేతి ఉంగరంవేలు, మిగిలిన వేళ్ళు కదలకుండా, అదొక్కటే పైకి లేచింది.

స్టెల్లా చెప్పులు విప్పి, సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుంటూ మళ్ళీ లోపలికి వచ్చింది.