కాలరక్క కాళ్లు

పొద్దున ఎనిమిదింటికి ఆ చొక్కాల షెడ్డులో పదకొండు మంది తమ కుట్టుమిషన్ల పక్కన నిలబడతారు. మేస్త్రీ ఒక్కొక్కరికీ ఒక మంచి మాట చెబుతాడు. మాట నిజమైతే విన్నవాళ్లు జానెడు ఎత్తు గాల్లోకి లేస్తారు, అబద్ధమైతే లేవరు. అంతే. దిగేదాకా పెడల్ అందక విసుక్కుంటారు కూడా.

ఈ పద్ధతి యజమానిది. ఆర్డర్లు తగ్గాయి, జీతాలు పెరగలేదు, సగం ఫ్యాన్లు ఆపేశాడు. "డబ్బుల్లేవు సరే, మెచ్చుకోడానికేం ఖర్చయ్యా? జనం హుషారుగా పనిచెయ్యాలి" అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా "ఊఁ" తప్ప మరో మెప్పు ఎరగని మేస్త్రీకి ప్రాణం మీదికొచ్చింది.

నిన్నయితే యజమాని పేరు రాయని కాగితమొకటి చూపించాడు. "ఒకర్ని తీసెయ్యక తప్పదు. రేపు నేనే వస్తా. ఎవరి కాళ్లు నేలమీదుంటే వాళ్లకే ఇది."

నెల్లాళ్లుగా లేవనిది కాలరక్క ఒక్కతే. ముప్ఫై ఏళ్లు కాలర్లు కుట్టిన చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. ఇంట్లో మంచం దిగలేని మొగుడు. "నీ కుట్టు బ్రహ్మాండం" అని మేస్త్రీ ఎంత గొంతు చించుకున్నా ఆమె వెంట్రుకవాసి కూడా లేవలేదు.

ఇవాళ యజమాని వచ్చి నిలబడ్డాడు. పదిమంది లేచారు. కాలరక్క కళ్లు మూసుకుంది. దేవుడా, ఏం చెప్పాలి? మేస్త్రీ ఆమె మిషన్ దగ్గరికి నడిచాడు.

"వీళ్లందరికీ సూదిలో దారం ఎక్కించడం నేర్పింది నువ్వేనక్కా," అన్నాడు చివరికి. "నాక్కూడా."

లేచింది. జానెడు కాదు, మూరెడు!

యజమాని కిందికి చూశాడు. తన బూట్లు కాక నేలమీద ఇంకొక్క జత చెప్పులున్నాయి, మేస్త్రీవి. మేస్త్రీకి మంచి మాట చెప్పేదెవరన్న ఆలోచన ఇన్నాళ్లూ ఎవరికీ రాలేదు, అతనితో సహా.

"మాటంటే మాటే," అంటూ యజమాని కాగితం చాచాడు. మేస్త్రీ అన్నం డబ్బా తీసుకుని, ఇంటికెళ్లి పెళ్లాంతో ఏం చెప్పాలో తెలీక కళ్లు తుడుచుకుంటూ గుమ్మం దాకా నడిచాడు.

"ఆగు తమ్ముడూ!" పైనుంచి అరిచింది కాలరక్క. "రోజూ అన్నం మానుకుని నా వంకర కాలర్లు విప్పి కుడుతున్నదెవరో నాకు తెలీదనుకున్నావా?"

మేస్త్రీ తల గుమ్మానికి ఠక్కున తగిలింది. ఎంత వంగినా బయటపడలేకపోయాడు.

యజమాని తన బూట్ల వంక చూసుకున్నాడు. "నాకూ ఒక మాట చెప్పండర్రా," అన్నాడు, గొంతు తగ్గించి.

పన్నెండు మందీ ఆలోచించారు. పాపం, నిజంగానే ఆలోచించారు. ఒక్కరికీ ఏమీ తోచలేదు.

కాగితం మీద తన పేరు రాసుకోలేక, మడిచి జేబులో పెట్టుకున్నాడు.